ఇద్దరు కావాల్సిన ట్రక్కు

మోరా లోయ, న్యూ మెక్సికో
ఏప్రిల్, ఆదివారం మధ్యాహ్నం

నా బంగారు తల్లి ఎస్తెలాకు, మీ నాన్న మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, అమ్మా, అమ్మ కోళ్ళూ బాగున్నాం. నువ్వూ, అల్లుడూ, మా చిన్నదొర ఒనేసిమో ఆ జర్మనీ చలిలో వెచ్చగా, చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను.

ఫొటో అందింది తల్లీ. అందిందని ఊరికే రాస్తే ఏం లాభం, నా సంతోషం ఈ కాగితంలో పట్టదు. పోస్టాఫీసులో కవరు చింపి అక్కడే నిలబడిపోయాను. నా వెనక వరసలో ఉన్నవాళ్ళందరికీ చూపించాను. ఫాదర్ గారికి చూపించాను. దాణా కొట్టులో చూపిస్తే ఆ కొట్టువాడు, "ఎలోయ్ తాతా, ఇది మూడోసారి చూపించడం" అన్నాడు. అయితే ఏం, నాలుగోసారి కూడా చూస్తాడు. మా నాన్న పోయాక ఒనేసిమో అని ఎవర్నీ పిలవలేదు ఈ ఇంట్లో. ఇప్పుడు పొద్దున లేచి ఫొటో ముందు నిలబడి "ఒనేసిమో, లేచావా" అని పిలుస్తున్నాను. ఆ ముక్కు మా వంశానిదే. మీ అమ్మ మాత్రం, "పసిపిల్లలందరికీ అదే ముక్కు, ఎగిరెగిరి పడకు" అంటోంది. కుళ్ళు.

నువ్వడిగినవన్నీ వరసగా చెప్తాను. అమ్మ కన్ను బాగుంది. ఆపరేషన్ అయిన కంటితో సూదిలో దారం ఎక్కిస్తోంది, నా టోపీ మీద దుమ్ము కూడా కనబడుతోంది ఆవిడకి, అదొక్కటే కష్టం. నిరుటి పచ్చిమిరపకాయలు కాల్చి, తొక్క తీసి ఫ్రిజ్జులో దాచాం, జూన్‌లో మీరొచ్చేదాకా ముట్టుకోనివ్వనంది. బాబు జ్ఞానస్నానానికి సోంపు బిస్కెట్లు ఊరంతటికీ చేస్తుందట, పంది కొవ్వు ఇప్పుడే తెచ్చి పెట్టుకుంది. ఇక విమానం దిగాక నిన్నూ బాబునీ ట్రక్కులోనే ఇంటికి తీసుకొస్తాను, అల్లుడు సామానుతో అద్దె కారులో వెనక రావచ్చు. బాబు సీటు కట్టడానికి బెల్టు ఉందా అన్నావు కదా. కొత్త బెల్టు వేశాను. ఎద్దుని కట్టినా తెగదు. మా నాన్న కొన్న ట్రక్కు, అరవై ఆరు మోడల్ షెవ్రొలే, అందులో మా నాన్న పేరు పెట్టుకున్నవాడు ఊళ్ళోకి రావడం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పుడే ఒళ్ళు పులకరిస్తోంది.

మిగిలింది ఒక్క ప్రశ్న. "ట్రక్కు ఎలా నడుస్తోంది నాన్నా, నెస్తోర్ బాబాయి ట్యాంకు గాలిగొట్టాన్ని పైకెత్తి కట్టాడా" అని రాశావు. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు రాయడానికే ఇంత ఆలస్యం అయింది.

నీకు గుర్తుండే ఉంటుంది. ఇంత ఎత్తున, చలికాలం పొద్దున పూట, పాత కార్బురేటర్‌తో ఆ ట్రక్కు లేవాలంటే ఇద్దరు కావాలి. నేను సీట్లో కూర్చుని పెడలు నొక్కి తాళం తిప్పాలి. నెస్తోర్ బానెట్ ఎత్తి, కుడిచేతి తొడుగు తీసి, వట్టి అరచెయ్యి కార్బురేటర్ నోటికి అడ్డం పెట్టాలి. తొడుగుంటే ఇంజను గాలి పీల్చేది చేతికి తెలీదు. "ఇప్పుడు" అంటాడు. నేను తిప్పుతాను. అది దగ్గుతుంది, తుమ్ముతుంది, ఆయన చెయ్యి కొంచెం కొంచెం ఎత్తుతాడు, అప్పుడు నిలబడుతుంది. నేను పిలిచిందెప్పుడు? ఇంజను మొదటి మూలుగు వినగానే కాలువ అవతల ఆయన ఇంటి తలుపు తెరుచుకునేది, కోటు తొడుక్కుంటూ కాలువకి అడ్డంగా వేసిన పలక మీదుగా వచ్చేసేవాడు. తర్వాత మన వంటింట్లో కాఫీ. నువ్వు పుట్టకముందు నుంచీ అంతే.

నా పుట్టినరోజుకి నువ్వు పంపిన పెట్టె విప్పినప్పుడు నీ జ్ఞానతండ్రి నెస్తోర్ పక్కనే ఉన్నాడు. మా అమ్మాయి విమానాలు బాగుచేస్తుంది, అది పంపిన పెట్రోలు ఇంజెక్షన్ అని ఛాతీ విరుచుకుని అన్నీ బల్ల మీద పరిచాను. కార్బురేటర్ చోట కూర్చునే ఆ మెరిసే డబ్బా, అరచేతిలో పట్టే కంప్యూటరు, పంపు లోపలే ఉన్న కొత్త ట్యాంకు. ఆయన అన్నీ తిప్పి తిప్పి చూసి, "ఇందులో నా చెయ్యి ఎక్కడ పెట్టాలి కొంపాద్రె" అన్నాడు. మేం ముగ్గురం ఎంత నవ్వామో. అమ్మకి దగ్గొచ్చింది నవ్వి నవ్వి.

పనంతా ఆయనే చేశాడు. సీటు వెనక పాత ట్యాంకు పీకేసి, కొత్తది వెనక తొట్టి కింద బిగించాడు. పెట్రోలు గొట్టాలు మార్చాడు, పొగగొట్టానికి చిల్లు పెట్టి సెన్సర్ పెట్టాడు, తీగలు కలిపాడు. తాళం తిప్పగానే లేచింది. మంచులో, ఒక్కసారికే. ట్రక్కులో పెట్రోలు వాసన కూడా లేదు. నేను చిన్నపిల్లాడిలా గెంతాను. అది నీకు రాశాను, అది నిజం.

ఆ తర్వాత రెండు ఉత్తరాల్లో రాసింది నిజం కాదు తల్లీ. గడియారంలా నడుస్తోందని రాశాను. నడవలేదు. బయల్దేరిన కాసేపటికి గొంతు పట్టేసినట్టు ఆగిపోయేది. కొంతసేపు ఆగితే మళ్ళీ లేచేది. నువ్వు డబ్బు కూడబెట్టి పంపిన కానుక, పాడైందని ఎలా రాయను? ప్రతిసారీ నెస్తోర్ వచ్చి కిందకి దూరి, ఏదో తడిమి, ట్యాంకు మూత తీసి పెట్టి, లేచి నిలబడి ఒకటే మాట. "ఆ కంప్యూటరుకి మన కొండ గాలి పడుతుందంటారా కొంపాద్రె? పాతది తీసి దాచాను, శుభ్రం చేసి నూనె రాశాను. చెప్పండి, ఓ పూటలో ఎక్కించేస్తా."

ఫిబ్రవరిలో అమ్మకి జలుబు చేసిందని రాశాను కదా. జలుబు కాదు. ఆపరేషన్ అయ్యాక పట్నం నుంచి తీసుకొస్తుంటే కనుమ పైన ట్రక్కు ఆగిపోయింది. మంచు అడ్డంగా కొడుతోంది. ఎంత తిప్పినా లేవలేదు. కంటికి కట్టుతో అమ్మ నా కోటు కూడా కప్పుకుని కూర్చుంది. రోడ్డు మీద మంచు తీసే బండి వచ్చి ఎక్కించుకునేసరికి ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరితిత్తులకి చేరింది. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టారు. నువ్వు నిండు నెలలతో ఉన్నావు, చెప్పొద్దని అమ్మ ఒట్టు వేయించుకుంది.

నెస్తోర్ రోజూ వచ్చాడు. సూపు తెచ్చేవాడు, నా పక్క కుర్చీలో కూర్చుని జపమాల తిప్పేవాడు. "ఇక ఆ కంప్యూటరు తీసేద్దాం" అనేవాడు. సరేనన్నాను నేను. నీ కానుక తీసేయడానికి ఒప్పుకున్నాను. దేవుడి దయవల్ల అమ్మ కోలుకుంది, ఇంటికొచ్చింది, నన్ను మళ్ళీ తిడుతోంది. మంచు కరిగాక కార్బురేటర్ ఎక్కిద్దామనుకున్నాం.

ఈలోపు నీ ఉత్తరం వచ్చింది, గాలిగొట్టం సంగతి అడుగుతూ. పెట్రోలు తగ్గే కొద్దీ ఆ చోటికి గాలి రావాలి, రాకపోతే పంపు లాగలేదు అని రాశావు. నాకేం తెలుసు, చూసి జవాబు రాద్దామని తొట్టి కింద చాప పరుచుకుని దూరాను. గొట్టాన్ని పైకే ఎత్తి కట్టాడు, చక్కగా. కొస తడిమాను. మూసుకుపోయి ఉంది. లాగితే వచ్చింది, జునిపర్ చెక్క బిరడా. ట్యాంకు ఒక్కసారి బుస్సున గాలి పీల్చుకుంది.

ఆ బిరడాలు నీకూ తెలుసు. పని చేసేటప్పుడు గొట్టాల్లో దుమ్ము పోకుండా పెట్టడానికి నెస్తోర్ చెక్కుకుని చొక్కా జేబులో వేసుకుంటాడు. చిన్నప్పుడు నీకు వాటితోనే బొమ్మలు చేసిచ్చాడు.

నాకు కోపం రాలేదు తల్లీ, ఆనందం వేసింది. దోషం నీ కానుకది కాదు. చేతికి మట్టితోనే పలక దాటి పరిగెత్తాను. కాలువ పూడిక తీసే రోజులు కదా, ఆయన షెడ్డులో పారకి పదును పెడుతున్నాడు.

"దొంగ దొరికాడు కొంపాద్రె," అన్నాను గుమ్మంలోంచే. "కంప్యూటరూ కాదు, కొండ గాలీ కాదు. ఇదిగో, మీ బిరడా. పెట్టి తీయడం మర్చిపోయారు. ముసలైపోతున్నారు మీరు."

ఆకురాయి ఆగింది.

"పోన్లెండి," అన్నాను. "నేనైతే నా తలకాయే ఆ గొట్టంలో మర్చిపోదును."

"మర్చిపోలేదు," అన్నాడు.

నువ్వు పుట్టక ముందు మేం ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకునేవాళ్ళం. నీ జ్ఞానస్నానం నాడు ఆయన నీ జ్ఞానతండ్రిగా నిన్ను ఎత్తుకున్నాక, కన్నతండ్రీ జ్ఞానతండ్రీ ఒకరికొకరు కొంపాద్రెలమయ్యాం, ఆ పూట నుంచి మీరు అంటే మీరు. కొంపాద్రె మొహం మీద కొంపాద్రె అబద్ధమాడడు. ఆవు బేరంలో కూడా ఆడడు. అందుకే అడిగితే నిజం చెప్పాడు. ఇన్నాళ్ళూ ఆ అబద్ధాన్ని ట్రక్కు చేత ఆడించాడు.

"ఎందుకు?" అన్నాను.

కుడి అరచెయ్యి చూసుకున్నాడు. "మీరు తాళం తిప్పుతారు, అది లేస్తుంది. నేను కోటు తొడుక్కునేలోపే వెళ్ళిపోతారు. నేను ఇవతల నిలబడి ఏం చెయ్యను?"

"కాఫీకి రండి."

"పని లేకుండా నేను ఎవరింటికైనా వెళ్ళడం చూశారా ఎప్పుడైనా?"

చూడలేదు. భార్య పోయాక కూడా, పండక్కి పిలిచినా, చేతిలో రెంచి లేకుండా మన గుమ్మం ఎక్కలేదు. అక్కడికి ఆగి ఉంటే నా మనసు కరిగిపోయేదే. కానీ మీ అమ్మ నీలం పెదాలు కళ్ళ ముందుకొచ్చాయి.

"కనుమ మీద ఆగిపోయాక? ఆవిడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు? అప్పుడైనా తీయచ్చుగా?"

"మీరు పాతది పెట్టేద్దామన్నారు కదా. ఇంకొన్నాళ్ళే కదా, ట్యాంకుతో పాటే అదీ పోతుంది, ఎవరికీ తెలీదు అనుకున్నా."

"నా పక్కన కూర్చుని జపమాల తిప్పావు నువ్వు," అన్నాను.

నువ్వు అన్నాను. ఇద్దరం విన్నాం ఆ మాట. అతని చేతిలో పార కింద పడింది. నేను బిరడా అతని బల్ల మీద పెట్టి వచ్చేశాను.

అమ్మ రొట్టెలు వత్తుతోంది. అంతా చెప్పాను. చేతికంటిన పిండి దులుపుకుంది. "ఇది చూడ్డానికా నేను కన్ను బాగుచేయించుకుంది" అంది. ఆ మర్నాడు పొద్దున్నే మన అరుగు మీద నూనె గుడ్డలో చుట్టి పాత కార్బురేటర్ ఉంది. నేను ముట్టుకోలేదు. అమ్మ తీసుకెళ్ళి కోళ్ళగూటి తలుపుకి అడ్డం పెట్టింది.

కాలువ పూడిక తీతలో ఎప్పుడూ పక్కపక్కన తవ్వేవాళ్ళం. ఈసారి నేను ఎగువకి వెళ్ళాను.

ఇప్పుడు చెప్తాను. జ్ఞానస్నానంలో నిన్ను ఎత్తుకున్న చేతులే ఒనేసిమోని కూడా ఎత్తుకోవాలని రాశావు. ఆ చేతుల గురించి తెలియకుండా నువ్వు బిడ్డని ఇవ్వకూడదు, అందుకే దాచినదంతా రాశాను. నువ్వు అతని బిడ్డలాంటిదానివే, నీ మనసుకి తోచింది చెయ్యి, నేను అడ్డం నిలబడను. నా మాట అడిగితే మాత్రం, వద్దు. క్షమించమని ఫాదర్ గారు అంటున్నారు. ఆసుపత్రి కుర్చీ ఒక్కటి మధ్యలో లేకపోతే క్షమించేవాణ్ణి.

నీ కానుక వజ్రం తల్లీ. కనుమ రెండుసార్లు ఎక్కి దిగాను, ఒక్క తుమ్ము లేదు. జూన్‌లో విమానాశ్రయం దాకా ఎగురుకుంటూ వస్తాను, నువ్వు దిగేసరికి టోపీ ఊపుతూ అందరికంటే ముందు నిలబడి ఉంటాను.

ఇవాళ పొద్దున మళ్ళీ మంచు కురిసింది. అమ్మని చర్చికి తీసుకెళ్ళడానికి ట్రక్కెక్కాను. అలవాటు కొద్దీ పెడలు నొక్కి, "ఇప్పుడు" అనే మాట కోసం ఆగాను. ఎవరూ అనలేదు. తాళం తిప్పాను, ఒక్కసారికే లేచింది. అద్దం తుడిచి చూస్తే, కాలువ అవతల, పలక మొదట్లో నెస్తోర్ నిలబడి ఉన్నాడు. కోటు తొడుక్కున్నాడు. కుడిచేతి తొడుగు తీసి ఎడమచేత్తో పట్టుకున్నాడు. అమ్మ కూడా చూసింది. నేను గేరు వేశాను.

ఇట్లు,
మనవణ్ణి ఎత్తుకోవడానికి ఇప్పట్నుంచే చేతులు వెచ్చచేసుకుంటున్న
మీ నాన్న,
ఎలోయ్