పిన్ను మీది ఊదా అంచు

మల్లన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. గనిలో బొగ్గు మోసే టబ్బులను కలిపే పిన్ను విరిగి నువ్వు చనిపోతే, విచారణలో తప్పు నీదే అన్నారు. నీ తోటివాళ్ళు నూనెగుడ్డలో దాచి, నీ చెల్లెలినని నాకిచ్చిన ఆ పిన్నును దగ్గరగా రంగు ఫొటో తీసి, పాత పగులు చూపించాను. ఫొటోలో పగులు గీత వెంట ఊదా అంచు పడింది. "ఇది పగులు కాదు, లెన్సు రంగు" అని విచారణ ఆఫీసరు పక్కన పడేశాడు.

అంచు విషయంలో ఆయన చెప్పింది నిజం. నేను పనిచేసే స్టూడియో లెన్సు అన్ని రంగులనూ ఒకేచోట నిలపలేదు. అందుకే ఈసారి నలుపు తెలుపు ఫిల్ము వేసి, రామగుండం స్టేషన్లో పాత సిగ్నల్ దీపం పచ్చద్దం అడిగి తెచ్చి లెన్సు ముందు పెట్టాను. పచ్చ వెలుగు ఒక్కటే లోపలికి పోతుంది.

స్టూడియో లింగన్న నవ్వాడు. "ఏందే, పిన్నుకు పచ్చజెండ ఊపుతున్నవా?"

ప్రింటు కడిగాక ఆయనే కేకేశాడు. "జల్ది రా! అంచు పోయింది. గీత గట్లనే ఉన్నది!"

తుప్పు పట్టిన పాత పగులు నల్లగా, కొత్తగా విరిగిన ఇనుము తెల్లగా, వేరువేరుగా కనిపిస్తున్నాయి.

ఆఫీసరు చూశాడు. కేసు మూసేశామన్నాడు. అయితే ఇదే ఫొటో పెద్దది చేయించి గని గేటుకు కడతానన్నాను. రేపు మొదటి షిఫ్టువాళ్ళు దాన్ని చూసి, తమ పిన్నులు తడిమి చూసుకున్నాకే టబ్బులు కదిలిస్తారు.