గాజు పెంకు

నవంబరు 24, సోమవారం

కార్తీకం అయిపోయింది. చేపలు మానేసినవాళ్ళందరూ మళ్ళీ వస్తున్నారు. ఈరోజు పులుసు మధ్యాహ్నానికే ఖాళీ. మండపేటలో బొమ్మిడాయిల పులుసు అంటే పల్లంరాజు హోటల్, అంటే నాదే. రైసు మిల్లు కళాసీలు, లారీవాళ్ళు ఇక్కడే తింటారు. మిల్లు ఓనర్లు కారు పంపి క్యారేజీ తెప్పించుకుంటారు. గొప్పకి రాయడం లేదు. ఉన్నమాట.

మా అమ్మాయి లక్ష్మీదుర్గ కౌంటర్లో కూర్చుంటుంది. ఫోన్లో ఆర్డర్లు రావాలంటే ఫోటోలు ఉండాలట. కాకినాడ నుంచి రామతులసి అనే అమ్మాయిని పిలిచింది. బుధవారం వస్తుందట. తిన్నవాడికి ఫోటో ఎందుకు?

నవంబరు 25, మంగళవారం

సాయంత్రమే పులుసు కాచి పెట్టాను. బొమ్మిడాయిలు ఒక రాత్రి కుండలో ఊరాలి. తెల్లారేసరికి నూనె పైకి తేలుతుంది, పులుపు ముక్కలోకి దిగుతుంది. అప్పుడే వడ్డించాలి. ఫోటోలో ఎర్రగా కనబడాలని ఈసారి కాశ్మీరు కారం గుమ్మరించాను. మా ఆవిడ లోవలక్ష్మి చూసి, అదేంటండీ, నాటకంలో వేషానికి రంగు పూసినట్టు పూస్తున్నారు అంది. నీ పని చూసుకో అన్నాను.

నవంబరు 26, బుధవారం

వచ్చింది ఆ పిల్ల. చిన్న కెమెరా, ఒక తెల్ల అట్ట. అంతే. లైట్లేవమ్మా అన్నాను. లైట్లు వాడనండి, ఎండ వెలుగు చాలు అంది. మా వంటగదిలో ఎండ ఎక్కడుంది? మిల్లు ఊక మంట మీద తప్ప నేను వండను. ఏళ్ళ తరబడి ఊకపొయ్యి పొగకి గోడలు, దూలాలు, పెంకులు అన్నీ నలుపే. ట్యూబులైటు వేశాను. ఆపేయమంది. దాని కింద పులుసు పాలిపోయినట్టు వస్తుందండి తాతగారూ అంది. తాతగారట.

ఇటు కూర్చుంది, అటు కూర్చుంది, అట్ట అడ్డం పెట్టింది, నిలువు పెట్టింది. ఫోటో చూపించింది. నా పులుసు రోడ్డు వేసే తారులా ఉంది. కెమెరా పాడైందేమో చూసుకో అన్నాను. నవ్వి, కుండ పెరట్లోకి తెస్తారా అంది. ఆ కుండ ఇన్నేళ్ళలో వంటగది గుమ్మం దాటలేదు. జనమే దాని దగ్గరికి వచ్చారు. తేను అన్నాను.

పెరటి మెట్టు దగ్గర లోవలక్ష్మి దోసకాయ ఎండురొయ్యలు వండుతోంది. అది అమ్మే కూర కాదు. తనకీ, గిన్నెలు తోమే వెంకటదుర్గకీ పొద్దుటి అన్నంలోకి. పక్కింటి సున్నం గోడ మీద ఎండ పడి, తిరిగొచ్చి ఆ సత్తుగిన్నె మీద పడుతోంది. ఆ పిల్ల అక్కడ చతికిలబడింది. ఇక లేవలేదు. తీసింది, తింది, మళ్ళీ పెట్టించుకుని తీసింది. నా పులుసు వేలితో కూడా ముట్టలేదు. ఇద్దరూ ఏంటో చెప్పుకుని నవ్వుకున్నారు. లోవలక్ష్మి పమిట నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. నా దగ్గర అలా నవ్వదు.

నవంబరు 27, గురువారం

నిన్నటి పులుసు సగం మిగిలింది. రంగు కోసం పోసిన కారం రుచి చెడగొట్టిందని ఎవరూ నా మొహం మీద అనలేదు. అదే బాధ.

నవంబరు 29, శనివారం

ఫోటోలు ఫోన్లో పెట్టారు. దోసకాయ ముక్క మీద నూనె చుక్క, పక్కన రొయ్య తోక, వెనకాల లోవలక్ష్మి గాజుల చెయ్యి. బాగుంది. బాగుందని ఎవరికీ చెప్పలేదు. నా పులుసు ఆఖర్న ఉంది. లక్ష్మీదుర్గ గబగబా దాటించేసింది.

డిసెంబరు 1, సోమవారం

వీరబాబు అని లారీ డ్రైవరు. నా పులుసు కోసం దారి మళ్ళించుకుని వచ్చే మనిషి. ఈరోజు కూర్చోగానే, బాబాయ్, పిన్ని చేతి దోసకాయ ఉందా అన్నాడు. లేదన్నాను. ఆయ్, ఉందండి అని లోపల్నుంచి లోవలక్ష్మి. వాడు ఆకు నాకినంత పని చేసి, ఇన్నాళ్ళూ పిన్నిని పెరట్లో దాచేశావేంటి బాబాయ్ అన్నాడు. హోటలంతా నవ్వింది. నేనూ నవ్వాను. దవడలు నొప్పెట్టాయి.

సాయంత్రం లక్ష్మీదుర్గ బోర్డు మాట ఎత్తింది. కొత్తది రాయిద్దాం నాన్నా, అమ్మ పేరు కూడా వేద్దాం అంది. ఎవరి పేరు పెద్దగా ఉంటుంది అన్నాను. గల్లాపెట్టెలో చిల్లర లెక్కపెట్టుకుంది. చిన్నది ఎవరిదో తెలిసిపోయింది.

డిసెంబరు 2, మంగళవారం

లోవలక్ష్మిని పెరట్లో వండొద్దన్నాను. సరేనండి అంది.

డిసెంబరు 3, బుధవారం

వండలేదు. అడిగినవాళ్ళందరికీ కాళ్ళ నొప్పులండి అని చెప్పింది. తనూ వెంకటదుర్గా ఆవకాయ కలుపుకుని తిన్నారు. పులుసు వెయ్యబోతే, మాకెందుకండి, గిరాకీకి ఉంచండి అంది. పులుసు అంతా అమ్ముడైంది. గెలిచాను. అన్నం సయించలేదు.

డిసెంబరు 5, శుక్రవారం

ఎండ చాలంది కదా ఆ పిల్ల. కుండ ఎండ దగ్గరికి పోవడమేంటి? ఎండే రావాలి.

ఈ వంటగది కట్టినప్పుడు పెంకుల మధ్య వెలుగు కోసం ఒక గాజు పెంకు వేయించాం. మసి పట్టి ఏది గాజో ఏది మట్టో తెలియకుండా పోయింది. నిచ్చెన వేసి ఎక్కాను. ఈ వయసులో కోతి వేషాలేంటి నాన్నా, దిగు అని లక్ష్మీదుర్గ కేకలు. ఒక్కో పెంకూ తట్టాను. గాజుది మోత వేరు. కొబ్బరిపీచు, బూడిద పెట్టి పైనా కిందా తోమాను. కళ్ళ నిండా మసి. నిచ్చెన కదులుతున్నది కాస్తా ఆగింది. కిందికి చూశాను. లోవలక్ష్మి రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. దిగేదాకా వదల్లేదు.

డిసెంబరు 6, శనివారం, పొద్దున పది

వెలుగు పడింది. నా పొయ్యి మీద కాదు, పడమటి మూల. ఊకపొయ్యి పెట్టకముందు లోవలక్ష్మి పొయ్యి ఉండేది అక్కడే. గాజు పెంకు అడిగి వేయించుకుంది తనే.

కుండ అక్కడికి మోశాను. నూనె మెరిసింది. నా పులుసు రంగు నేను ఇప్పుడే చూశాను. ఆ పిల్లకి ఫోన్ చెయ్యమని లక్ష్మీదుర్గకి చెప్పాను.

లోవలక్ష్మి దోసకాయల బుట్ట తెచ్చి ఆ వెలుగులోనే పీట వేసుకుంది. జరుగు అన్నాను. మీరే జరగండి అంది.

జరిగాను.