లోపలి టైరు మీది పసుపు

హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఉంటున్న నేను, రాజకుమారి, వయసు యాభై ఏడు, కీర్తిశేషులు శ్రీశైలం గారి పెద్ద కూతురిని, ఎవరి బలవంతమూ ఎవరి బుజ్జగింపూ లేకుండా నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. వచ్చే వారం కాశీకి వెళ్తున్నాను. తిరిగి వస్తాననే అనుకుంటున్నాను. అయినా రాసి పెడుతున్నాను. నా బుద్ధి నిలకడగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. అది చాలదనేవారికి పోయిన శుక్రవారం ఉదయం సంగతి చెబుతాను.

ఆ ఉదయం తలస్నానం చేసి, దీపం పెట్టి, చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్లి, అటు నుంచే క్రాస్‌రోడ్స్‌కు నడిచి బస్సెక్కాను. సంచిలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, మా లారీ డ్రైవరు ఓదెలు కోసం ఇడ్లీ డబ్బా. లారీ నాగ్‌పూర్ నుంచి వచ్చి ఆటోనగర్‌లో ఆగి ఉంది. శుక్రవారం నాడు ఊళ్లో ఉంటే దాని టైర్లన్నింటికీ నేనే బొట్టు పెడతాను. కొత్త టైరు కొనగానే, ఎవరూ మార్చేయకుండా, కాల్చిన ఇనుముతో దాని పక్కన ‘శ్రీ’ అని గుర్తు వేయిస్తాను. నాన్న పేరులో మొదటి అక్షరం అది. పసుపు, కుంకుమ ఆ గుర్తులోనే పెడతాను.

వెనక జంట టైర్లలో లోపలివాటికి పెట్టాలంటే లారీ కిందికి దూరాలి. “అమ్మా, గా లోపలి టైర్లకు బొట్టు పెడితే ఎవరు చూస్తరు?” అని ఓదెలు ఎప్పుడూ నవ్వుతాడు. ఆ రోజూ నవ్వాడు. దసరా తర్వాత లారీ శుక్రవారం ఊళ్లో ఉండటం అదే మొదలు. ఎడమవైపు లోపలి టైర్ల మీద చేయి పెడితే గుర్తు అంచు వేలికి గరుకుగా తగిలింది. టార్చి వేసి చూశాను. వానలకు ముందు కొన్న టైర్లు. అన్ని శుక్రవారాల పసుపు ఆ గాడిలో ఇంకి ఉండాలి. శ్రీ ఉంది, పసుపు లేదు. అవి మా టైర్లు కావు. అరిగినవాటికి కొత్త రబ్బరు అతికించినవి.

బొట్టు పెట్టాను. ఇడ్లీలు ఇచ్చాను. తిరుగు బస్సెక్కాను. ఆ గుర్తు వేయాలంటే మా ఇనుమే కావాలి. గుర్తు వేసే జానెడు ఇనుము మా ఇంట్లో, పూజగదిలో, నాన్న పటం వెనక ఉంటుంది. ఇంటికొచ్చి చూస్తే అది అక్కడ లేదు. ఓదెలు ఏనాడూ మా పూజగది గడప దాటలేదు. ఇంట్లో ఉండేది నేను, తమ్ముడు రాఘవేందర్, మరదలు స్నేహలత. నారాయణగూడలో ఉండే చెల్లెలు స్వరూప దగ్గర కూడా ఒక తాళం చెవి ఉంది. నలుగురిలో నన్ను తీసేసి, మిగిలినవాళ్లను సాయంత్రం కూర్చోమన్నాను. అది చివర రాస్తాను. ముందు నా ఆస్తి సంగతి.

1. నా పేరున ఉన్న లారీ స్వరూపకు. బయలుదేరే ముందు ట్యాంకు మెడ దాకా నింపాలి, తిరిగొచ్చాక అదే బంకులో మళ్లీ మెడ దాకా నింపాలి. రెండోసారి పట్టిందే ఖర్చయిన డీజిల్. ఏ బిల్లునూ నమ్మవద్దు. స్వరూపా, నీ నోటిలెక్కను కూడా నమ్మవద్దు, నీకు తొందర ఎక్కువ. దసరా తర్వాత లారీ డీజిల్ ఎక్కువ తాగింది. ఓదెలు తీస్తున్నాడని తమ్ముడన్నాడు. ట్యాంకుకు తాళం వేయించి చెవి నా నడుముకు కట్టుకున్నాను. తగ్గలేదు. చెడ్డ టైర్లు కూడా డీజిల్ తాగుతాయి. డ్రైవరును అనే ముందు టైర్లు చూడాలి, లోపలివి కూడా, చేత్తో.

2. ఓదెలు చేస్తానన్నంత కాలం ఆ లారీ మీద అతనే డ్రైవరు. గుర్తు వేసే ఇనుము అతనిది. నేనున్నన్నాళ్లు అది నా దిండు కింద ఉంటుంది. అతని మీద అనుమానం నాకు పూర్తిగా పోలేదు. ఖర్చు చెప్పేటప్పుడు తాగిన రెండు టీలు నాలుగవుతాయి. ఆ టీలు అతన్ని తాగనివ్వండి.

3. ఇల్లు రాఘవేందర్‌కు, పూజగది తప్ప. దాని తాళం స్వరూపది. నాన్న ఖాకీ కోటు కూడా రాఘవేందర్‌కే. చిన్నప్పుడు లారీ క్యాబిన్‌లో అది కప్పుకొని నా ఒళ్లో నిద్రపోయేవాడు. జేబులు వెతికి ఇవ్వాలి.

4. నా గాజులు స్నేహలతకు. ఆమె ముందే తూకం వేయించాలి. అనుమానం ఆమె మీద కాదు, తూచేవాడి మీద.

5. దీన్ని అమలు చేయవలసినది దోమలగూడ వకీలు ఫణీంద్ర గారు. ఆయనకు లారీ లేదు, కొనాలనే ఆశా లేదు. అందుకే ఆయన.

6. ఇక ఆ సాయంత్రం. లోపలి టైర్లు మారాయని మాత్రమే చెప్పాను, గుర్తు సంగతి ఎత్తలేదు. రాఘవేందర్ వెంటనే అందుకున్నాడు. “డ్రైవర్లంటే గంతే అక్కా. ట్యాంకుకు తాళమేస్తే టైర్ల మీద పడ్డడు. సోమవారం నుంచి తీసేద్దాం.” సరే, కొత్త టైర్లు కొనాలి, గుర్తు వేయాలి, ఆ ఇనుము పట్టుకురా తమ్ముడూ అన్నాను. అతను లేచి, పూజగది ముందు నుంచే నడిచి, మెట్లు దిగి, స్కూటర్ డిక్కీ తెరిచి, ఇనుము తెచ్చి నా ముందు పెట్టాడు. పెట్టిన తర్వాత గానీ ఎక్కడి నుంచి తెచ్చాడో అతనికే తట్టలేదు. నేను పూజగది వదలను కనుక, తిరిగి పెట్టే సందు దొరికి ఉండదు.

“నాన్న పటం ఎనక నుంచి డిక్కీలకు అదే నడుచుకుంట పోయిందా అన్నా?” అంది స్వరూప. మా టైర్లు ఎందుకు అమ్మావని నేను అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెబుతాడు, నేను దాన్ని నమ్మాలి.

అందరం కలిసి నిర్ణయించింది ఇది. ఓదెలు ఉంటాడు. లోడ్లు రాఘవేందరే మాట్లాడతాడు, ఆ పని అతనికి బాగా వచ్చు. టైర్లు, డీజిల్ ముట్టుకోడు. అమ్మినవాటి బదులు కొత్త టైర్లు తానే తెస్తాడు. సంగతి గడప దాటకూడదని స్నేహలత అంది. ఒక్క ఓదెలుకు మాత్రం చెప్పాలని నేనన్నాను. రాఘవేందరే చెప్పాలి, వచ్చే శుక్రవారం, లారీ పక్కన నిలబడి. సరేనని తల ఊపాడు. అతను చెప్పకముందే నేను పోతే, ఫణీంద్ర గారు ఈ ఆరో అంశం ఓదెలుకు చదివి వినిపించాలి.

బుధవారం, 12 నవంబరు 2025.

నా సంతకం పక్కన ఆ ఇనుముకు తడి పసుపు అద్ది గుర్తు వేశాను. గుర్తు ఉండి పసుపు లేకపోతే ఇది నేను రాసిన కాగితం కాదు.

(సంతకం) రాజకుమారి

సాక్షులు, ఇందులో ఏమీ రానివారు:
యశోదమ్మ, పక్కింటి ఆవిడ, అశోక్‌నగర్
మురళీకృష్ణ, మందుల దుకాణం, చిక్కడపల్లి