పండని పురుగులు

కెలమంగలం
గురువారం

ప్రియమైన అక్కకు నీ చెల్లెలు సుబ్బలక్ష్మి నమస్కరించి రాస్తున్నది. నేను, నీ మరిది క్షేమం. నువ్వు, అమ్మ, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఇక్కడ చలి ఎక్కువ. రాగిసంకటి మన ఇంటిదిలాగే ఉంటుంది కాబట్టి తిండికి ఇబ్బంది లేదు. సంతలో నా తమిళం విని అందరూ నవ్వుతారు, నవ్వనీ.

నీ రెండు ఉత్తరాలకు జవాబు రాయలేదని కోపపడకు. రాయడానికి మొహం చెల్లలేదు.

మునెమ్మగారింట్లో పట్టుపురుగులు పెంచే పనిలో ఉన్నామని రాశాను కదా. ఈ పురుగులు నాలుగోసారి పొర విడిచాక వారం రోజులు మల్బరీ ఆకు మేసి పండుతాయి. అంటే ఒళ్లు పసుపు తిరిగి, దారం తీసి గూడు కట్టుకుంటాయి. అంతకు ముందు వాటిమీద ఒక్కసారి ఒక మందు చల్లుతారు. అది వాటి చిన్నతనాన్ని ఒకరోజు పొడిగిస్తుంది. ఆ రోజూ మేస్తాయి, గూళ్లు బరువుగా వస్తాయి. ఒకసారికే ఇంత లాభమైతే రెండుసార్లకు ఎంతో అనుకున్నాను. రెండు రోజులు ఆగి, ఎవరికీ చెప్పకుండా మళ్లీ చల్లాను.

చేసుకున్నవాళ్లకు చేసుకున్నంత. పురుగులు తెల్లగా, నున్నగా, వేలంత లావయ్యాయి. పండలేదు. పసిపిల్లల్లా మేత, మేత, అంతే. తోటలో ఆకు అయిపోవచ్చింది. మందు కలిపేది నీ మరిది కాబట్టి అనుమానం ఆయన మీదికి పోయింది.

"ఏమప్పా, మందు ఎక్కువ కలిపినావా?" అని మునెమ్మగారు అడిగితే ఆయన తల వంచుకుని నిలబడ్డారు. నేను ఆకు కోసే నెపంతో తోటలోకి జారుకున్నాను. రెండు రోజులు ఆమెకు ఎదురుపడకుండా తిరిగాను. మూడోనాడు ఆమె, "నువ్వు యాడన్నా వేరే పని చూసుకోప్పా" అనేసింది.

అప్పుడు చెప్పాను. "ఆయన కాదమ్మా. నేనే రెండోసారి చల్లినాను."

ఆమె నా వైపు తిరిగింది. "చల్లినందుకు కాదమ్మా నా కోపం. మొన్ననే చెప్పింటే పక్కూర్లో ఆకు దొరికేది. ఇప్పుడు ఆడ కూడా కోసేసినారు" అంది.

తిరిగి తిరిగి కొంత ఆకు తెచ్చాం. మందు బలం తగ్గేదాకా అది మేసి సగం పురుగులు గూళ్లు కట్టాయి. మిగిలినవి చిన్నతనం వదలకుండానే చచ్చిపోయాయి. వాటిని గుంటలో పూడ్చేటప్పుడు ఏడ్చాను. మునెమ్మగారు మమ్మల్ని పొమ్మనలేదు. వచ్చే పంటకూ ఉండమంది. కాబట్టి మా గురించి దిగులు పెట్టుకోకు. వీలైతే అమ్మ పట్టిన నిమ్మకాయ ఊరగాయ ఎవరి చేతనైనా పంపు.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. మీ ఆశీర్వాదం మామీద ఉండాలి.

ఒక్క మాట మిగిలింది. నేను రెండోసారి మందు చల్లుతుంటే నీ మరిది గుమ్మంలోంచి చూశారట. మరి అన్ని మాటలు పడి ఎందుకు ఊరుకున్నారని అడిగాను. "నువ్వే చెప్తావని తెలుసు. నేను చెప్తే అది చాడీ అయితుంది" అన్నారు. అమ్మ ఆయన్ని నోట్లో నాలుక లేని మనిషి అంటుంది కదా. ఈ ముక్క మాత్రం ఆమెకు రెండుసార్లు చదివి వినిపించు.

ఇట్లు,
నీ చెల్లెలు
సుబ్బలక్ష్మి