వంటింటి కిటికీకి చూపొచ్చింది

అత్తయ్యా,

అద్దం మార్చడానికి సాయంత్రం మనిషొస్తే వెనక్కి పంపించెయ్యండి. ఎందుకని అడిగితే వంటింటి కిటికీ చూపించండి, నోరెళ్ళబెడతాడు. వెనిగర్ సీసా ఖాళీ, దానికోసం వెతక్కండి.

ఊళ్ళోవాళ్ళ అద్దాలన్నీ మెరిపించే కోడలికి సొంతింటి కిటికీ లొంగలేదని మీరు పక్కింటావిడతో అన్నమాట నా చెవిన పడింది. ఇవాళ లొంగింది! కుళాయి నీళ్ళు చింది చింది పేరుకున్న ఉప్పు మరకలవి, రుద్దితే పోయే జాతి కాదు. మీరు నడకకి వెళ్ళగానే పాత తువ్వాలు వెనిగర్‌లో ముంచి అద్దానికి అంటించాను. ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవరు కప్పి, వంటయ్యేదాకా దాని జోలికి పోలేదు. తీసి తుడిస్తే ఆ తెల్లటి పొరంతా మెత్తబడి గుడ్డతోపాటే వచ్చేసింది. ఒక్కదాన్నే ఎగిరి గంతేశాను. కింద మూలనున్న గీతలు మాత్రం నా నెత్తిన వెయ్యకండి, అవి మీ స్టీలు పీచు చలవ.

సూదిలో దారం ఎక్కట్లేదు, చూపు మందగించిందని మొన్న దిగులుపడ్డారుగా. ఆ కిటికీ దగ్గరే కూర్చుని మళ్ళీ ఎక్కించి చూడండి. ఆ మసక మీ కళ్ళది కాదత్తయ్యా.

పనికి ఆలస్యమైపోతోంది, వెళ్ళొస్తాను.

మీ కోడలు

ఇంకోమాట. కిటికీ తీసిలేదు, మూసే ఉంది. గ్లాసులో మిగిలిన కాఫీ ఎప్పట్లా బయటికి విసిరేముందు చేత్తో తడిమి చూసుకోండి. మీ అబ్బాయి ఇందాక విసిరేశారు. మళ్ళీ తుడిచాను, నవ్వుకుంటూనే.