మునియప్ప తాగిన గిన్నె

బాగలూరు, 1958, ఆదివారం రాత్రి

దేవా, ఈ సంతోషం పట్టలేకుండా ఉన్నాను! మా ఏసు గుడిలో ప్రభువు బల్ల ద్రాక్షారసం గిన్నె ముందు బెంచీల వాళ్లకు పోయి, కడాకు చాప మీద కూర్చునే కూలివాళ్లకు వచ్చేది. ఈ పొద్దు నా కొడుకు సామ్యేలు బెంచీ దిగి కూలి మునియప్ప పక్కన చాప మీద కూర్చున్నాడు. మునియప్ప తాగినాకే వాడూ తాగినాడు. నేనూ లేచి ఆడికే పోయినాను.

బయట సంఘపెద్ద అడ్డం వచ్చినాడు. "ఏమప్పా, ముసలితనంలో మతి చెడిందా? నీ పెండ్లాం మరియమ్మ పక్కన నీకు పెట్టిన సమాధి చోటు ఇంక లేదు, పో!"

"ఆ చోటు నువ్వే ఉంచుకోప్పా. మునియప్ప వాళ్లను పూడ్చే చోటనే నన్నూ పూడ్చండి" అన్నాను.

అన్నానే గాని, మరియమ్మా, నీ పక్కన ఇంక... కోప్పడొద్దు. నువ్వుంటే నాకన్నా ముందే ఆ చాప మీద కూర్చునింటావు.