ట్రాక్టర్ చప్పుడు లేకుంట

కొడకండ్ల,
ఆదివారం.

తమ్మీ నగేశ్,

బాగున్నవా అని అడుగుత లేను. ఫోన్ చేస్తే నా మాటలు మల్ల రికార్డు చేస్తవని కాయిదం మీద రాస్తున్న.

లండన్ల నువ్వు ఇంగ్లీషు కవితలు చదువుతవని ఇన్నేండ్లు వాడకట్టంత చెప్పుకొని మురిసిన. మొన్న నా బిడ్డ వర్ష నీ వీడియో పెట్టింది. నువ్వు స్టేజీ మీద నిలవడ్డవు, ఎనుక నుంచి ఎవలో ఆడమనిషి ఏడుపు ఇనవడుతుంది. జరసేపటికి ఎరుకైంది, అది నా గొంతే.

పదకొండేండ్ల కింద మీ బావ పీనుగ మీద పడి నేను శోకం పెడుతుంటే, నువ్వు పక్కన కూసొని ఫోన్ల పట్టినవా? ఆయన తాగొచ్చి నన్ను కొట్టిన సంగతులన్ని ఆయనకే చెప్పుకొని ఏడ్చిన. శోకంల అన్న మాట పీనుగెంబడే పోతది. ఆనాడు ఇన్న ఆడోళ్లు ఒక్కలు గూడ దాన్ని మల్ల ఎత్తలే. నువ్వు దాన్ని ఇంగ్లీషు చేసి పరాయోళ్లతోని చప్పట్లు కొట్టించుకున్నవు.

అప్పుడు వర్ష మూడేండ్ల పిల్ల. మీ నాయిన మంచోడని దానికి చెప్పి పెంచిన. నీ ఇంగ్లీషు నాకు రాదు, దానికి వస్తది. వీడియో అయినంక గోడ మీది నాయిన ఫోటో తీసి బియ్యం డబ్బా ఎనుక పెట్టింది.

ఇయ్యాల పొద్దున నీ మెసేజ్ వచ్చింది. ఆనాటి రికార్డుల నడుమ ట్రాక్టర్ చప్పుడు వస్తుందట, తలుపులు పెట్టుకొని మల్లొక్కసారి ఏడ్చి పంపాల్నట.

ఏడుస్త. శోకం పెట్టాలంటే ముందట పీనుగ ఉండాలె. ఎవలను పండవెట్టుకోవాల్నో నువ్వే చెప్పు.

మీ అక్క